బ్యాంకునకు పేరు తెచ్చునది ఏది? – ములుకనూరు నేర్పిన పాఠము

ఊరి చెరువు నిండిన తరువాత ఏ పొలమునకు ఎంత నీరు విడువవలెనో చూచుటకు నీరటి యుండును. నీరు ఊరందరిది. పంపకము న్యాయముగా జరుగవలెను. నేటి పంటతోపాటు రేపటి పంటకును నీరు మిగులవలెను. తూము ఎత్తువాడు ఈ మూడింటిలో ఏ యొక్కటి మరచినను ఊరు నష్టపోవును.

బ్యాంకు పనియు ఇట్టిదే. పలువురు దాచుకొనిన సొమ్మును అది ఒకచోట చేర్చి, అవసరమున్నవారికి అప్పుగా ఇచ్చును. ఆ సొమ్మును ఎవరికి ఇచ్చినది, దేనికొరకు ఇచ్చినది, ఏ విధముగా వసూలు చేసినది అను మూడు ప్రశ్నలకు అది చెప్పగల సమాధానమే దాని నీతి. గ్రామ పంచాయతీ సభ్యులు ఈ మూడు ప్రశ్నలను అడుగ నేర్చుకొనుట ఎందుకు అవసరమో తెలుపుటయే ఈ పాఠము ఉద్దేశము.

లోకములో జరుగుచున్న ప్రయత్నము

లాభము ఒక్కటే చూడక, ప్రజలకును భూమికిని మేలు కలిగించు పనులకే అప్పు ఇత్తుమని నియమము పెట్టుకొనిన బ్యాంకులు కొన్ని దేశములలో గలవు. నెదర్లాండ్స్ దేశమున 1980లో స్థాపించబడిన ట్రియోడోస్ బ్యాంకు అట్టివానిలో పేరెన్నికగన్నది. గాలిమరల విద్యుత్తు, సూర్యశక్తి, సేంద్రియ వ్యవసాయము, విద్య, వైద్యము మున్నగు పనులకు అది ఋణములిచ్చును. ఏయే సంస్థలకు అప్పు ఇచ్చినదియు పేర్లతో సహా ప్రకటించును. సొమ్ము దాచుకొనినవాడు తన రూపాయి ఎచ్చటికి పోయినదో స్వయముగా చూచుకొనవచ్చును. 2009లో లండనులోని ఫైనాన్షియల్ టైమ్స్ పత్రికయు, ప్రపంచ బ్యాంకు కుటుంబమునకు చెందిన అంతర్జాతీయ ఫైనాన్స్ కార్పొరేషనును కలిసి ఆ బ్యాంకును సుస్థిరమైన బ్యాంకుగా ఎన్నుకొని బహుమతి నొసగినవి.

మన దేశమునను ఈ దిశగా అడుగులు పడినవి. పర్యావరణమునకు మేలు చేయుదుమని చెప్పి ప్రజలనుండి తీసికొను హరిత డిపాజిట్లను నిజముగా ఆ పనులకే వినియోగించవలెననియు, ఆ వినియోగమును బయటివారిచేత పరీక్ష చేయించవలెననియు భారతీయ రిజర్వు బ్యాంకు 2023లో నియమములు చేసినది. పేరు పెట్టుకొనుట చాలదు, లెక్క చూపవలెను అనునదే ఈ నియమముల సారము.

ఇవి దూరపు సంగతులని చదువరులు భావింపవచ్చును. కాని అప్పు న్యాయముగా దొరకుటయో దొరకకపోవుటయో మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో కుటుంబముల బ్రదుకును నిర్ణయించిన విషయము.

మన ప్రాంతమున అప్పు చరిత్ర

కోరుట్ల చుట్టుపట్ల పసుపు పండించు రైతును చూడుడు. విత్తనపు కొమ్ములకు, ఎరువునకు, కలుపునకు ముందుగానే పెట్టుబడి పెట్టవలెను. పంట చేతికి వచ్చుటకు ఎనిమిది తొమ్మిది నెలలు పట్టును. అటుపిమ్మట త్రవ్వుట, ఉడికించుట, ఆరబెట్టుట అను పనులన్నిటికి మరల కూలి ఖర్చు. ఇంతకాలము పెట్టుబడి భూమిలోనే యుండును. బజారుకు సరుకు వచ్చు దినమున ధర పడిపోయినచో, అప్పు ఇచ్చినవాడు నిలిచియుండనీయడు గనుక రైతు వచ్చిన ధరకే అమ్ముకొనవలసి వచ్చును.

చెరకు రైతుల అనుభవము మరియొకటి. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతపు చెరకునకు ముత్యంపేట చక్కెర కర్మాగారము ఆధారముగా నుండెను. 2015 డిసెంబరులో అది మూతబడినది. పంటకు అప్పు దొరకుట ఒక్కటే చాలదనియు, పంటను కొనువాడు నిలుకడగా ఉండవలెననియు దానివలన తేటపడినది.

సిరిసిల్లలో మగ్గముల సంగతి ఇంతకంటె దుఃఖకరమైనది. అచ్చట యజమాని నూలు ఇచ్చును. ఆసామి తన మరమగ్గములపై గుడ్డ నేయించి ఇచ్చి కూలి తీసికొనును. ఆసామి క్రింద కార్మికుడు పనిచేయును. బజారున గుడ్డకు గిరాకి తగ్గినపుడు మొదట పని పోవునది కార్మికునికి, అప్పు పెరుగునది ఆసామికి. గత శతాబ్దపు చివరి సంవత్సరములలోను, ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలోను అప్పుల బాధకు తాళలేక పలువురు నేతన్నలు ప్రాణములు తీసికొనిరి. 2017లో బతుకమ్మ చీరల నేత పనిని ప్రభుత్వము సిరిసిల్ల మగ్గములకు ఇచ్చినపుడు, అప్పు మాట ఎట్లున్నను, పని దొరకుటయే ఎంత ధైర్యమో తెలియవచ్చినది.

వడ్డీ లెక్క కూడ ఒకసారి వేసి చూతము. మన ఊళ్లలో "నూటికి మూడు రూపాయలు" అనిన నెలకు మూడు రూపాయలని అర్థము. ఆ లెక్కన లక్ష రూపాయలకు ఏడాదికి వడ్డీ 36,000 రూపాయలు. కేంద్ర ప్రభుత్వపు వడ్డీ రాయితీ పథకము క్రింద 3 లక్షల రూపాయల వరకు గల పంటఋణమునకు వడ్డీ ఏడాదికి నూటికి 7 రూపాయలు. గడువులోపల చెల్లించినవారికి మరి 3 రూపాయలు తగ్గును. అనగా లక్షకు 4,000 రూపాయలు మాత్రమే. ఒకే ఊరిలో, ఒకే పంటకు, ఒకే మొత్తమునకు ఇద్దరు రైతులు చెల్లించు వడ్డీలో 32,000 రూపాయల భేదము! ఈ భేదము ఒక బిడ్డ చదువు కావచ్చును, ఒక పాడిగేదె ధరలో భాగము కావచ్చును.

ఈ దుస్థితి నేటిది కాదు. 1951-52లో రిజర్వు బ్యాంకు జరిపించిన అఖిల భారత గ్రామీణ ఋణ పరిశీలన ప్రకారము, రైతులు తీసికొనిన ప్రతి నూరు రూపాయల అప్పులో సహకార సంఘములిచ్చినది సుమారు మూడు రూపాయలే. సుమారు డెబ్బది రూపాయలు వడ్డీ వ్యాపారులనుండి వచ్చినవి. సహకార ఋణ సంఘముల చట్టము 1904లోనే వచ్చినను, ఏబది సంవత్సరములలో జరిగినది అంతమాత్రమే. ఆ పరిశీలన నివేదిక 1954లో వెలువడినది. మరి రెండు సంవత్సరములకు మన పొరుగుననే ఒక సంఘము పుట్టినది.

ములుకనూరు సంఘము

భీమదేవరపల్లి మండలములోని ములుకనూరు గ్రామము 2016 అక్టోబరు వరకు కరీంనగరు జిల్లాలో నుండెను. నేడు హనుమకొండ జిల్లాలో నున్నది. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు కూడ అదే పునర్వ్యవస్థీకరణమున ఏర్పడినవే. కావున ములుకనూరు మనకు పాత ఇంటి చుట్టమే.

1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డిగారు తోటి రైతులను కూడగట్టి ఈ గ్రామమున సహకార సంఘమును స్థాపించిరి. పదునాలుగు గ్రామముల నుండి 373 మంది సభ్యులు చేరిరి. వాటా ధనము రెండువేల మూడువందల రూపాయలు. అనగా సగటున ఒక్కొక్క సభ్యుడు ఆరేడు రూపాయలు వేసికొనెనన్నమాట. ఆ చిన్న మొత్తముతో మొదలైన సంఘము నేడు వేలమంది సభ్యులతో, తన బియ్యపు మిల్లులతో, ప్రత్తి జిన్నింగుతో, విత్తనశుద్ధి కేంద్రముతో దేశమున పేరుగాంచినది. సహకార విద్య నేర్చువారు దూరప్రాంతముల నుండి వచ్చి దీనిని చూచి పోవుచుందురు.

ఈ పేరు ఎట్లు వచ్చినది? విచారించిన నాలుగు కారణములు కనబడును.

మొదటిది, పొదుపు. అప్పు కావలసినవాడే సంఘములో సొమ్ము దాచుకొనువాడు కూడ కావలెను. సంఘపు నిధి సభ్యుల స్వంత డబ్బయినపుడు, అప్పు ఎగవేసినవాడు ప్రభుత్వమునకు గాక పొరుగువానికి ద్రోహము చేసినవాడగును. అందువలన వసూలు చేయుటకు బెదిరింపు అక్కరలేదు.

రెండవది, అప్పును అమ్మకముతో ముడివేయుట. సంఘము విత్తనము, ఎరువు, పంటఋణము సమకూర్చును; పండిన వడ్లను, ప్రత్తిని తానే కొని మిల్లులలో సరుకుగా మార్చి అమ్మును. రైతు వద్ద విత్తనపు వడ్లను కూడ పండించి కొనును. పంట సొమ్మునుండి అప్పు మినహాయించుకొనగా మిగిలినది రైతునకు చేరును. కొనువాడును అప్పిచ్చువాడును ఒకే సంఘమగుట వలన రైతు ధర పడినదినమున తొందరపడి అమ్ముకొను అగత్యము తగ్గును. పసుపు రైతునకు లేని సౌకర్యము సరిగా ఇదియే.

మూడవది, మిగులును పంచుట. సంఘమునకు వచ్చిన లాభము దూరమున నున్న వాటాదారులకు పోదు. సంఘముతో ఎంత వ్యాపారము చేసిరో దానిని బట్టి సభ్యులకే బోనసుగా తిరిగివచ్చును. కొంత భాగము సభ్యుల సంక్షేమమునకు వినియోగపడును.

నాలుగవది, లెక్క తెరచి చూపుట. సభ్యుల మహాసభలో జమాఖర్చులు చదువబడును. ప్రశ్నలడుగుటకు సభ్యునకు హక్కు కలదు. డచ్చి బ్యాంకు పేర్ల పట్టిక ప్రకటించుట యెట్టిదో, మన సభలో పద్దు చదువుట అట్టిదే. రెండింటి ఉద్దేశము ఒకటే: సొమ్ము ఎవరిదో వారికి లెక్క తెలియవలెను.

ఇదే ములుకనూరులో స్త్రీలు మరియొక అడుగు ముందుకు వేసిరి. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రింద, 2000 తరువాతి సంవత్సరములలో, మహిళలే సభ్యులుగా, మహిళలే పాలకులుగా పాల డెయిరీని నెలకొల్పిరి. దాని పాలు "స్వకృషి" అను పేరున అమ్ముడగుచున్నవి. పాడి గేదెకు అప్పు, పాలకు కొనుగోలు, ఇంటికి నిత్యాదాయము అను మూడు ఒకే త్రాట ముడివడినవి.

సుస్థిరత యనగా నేమి?

సుస్థిరత యనునది పెద్ద మాటగా తోచును. పల్లెలో దాని అర్థము చిన్నదే: అప్పు తీరువరకు అప్పు పెట్టిన వస్తువు నిలిచియుండవలెను.

గొట్టపుబావిని ఉదాహరణముగా తీసికొందము. మన ప్రాంతమున నేల లోపల గట్టిరాయి. నీరు పైపొరలలోను, రాతి పగుళ్లలోను మాత్రమే నిలుచును. ఒక రైతు అప్పు చేసి బావి వేసి నీరు పొందును. ప్రక్క రైతు మరింత లోతుగా వేసినచో మొదటివాని బావి ఎండును. అతడు మరల అప్పు చేసి ఇంకను లోతునకు పోవును. నీరు పోయినను అప్పు పోదు. ఇట్టి చోట ప్రతి బావికి కండ్లు మూసికొని అప్పు ఇచ్చు బ్యాంకు, కాగితములన్నియు సరిగా ఉన్నను, నీతిగల బ్యాంకు అనిపించుకొనదు. చెరువు పూడిక తీయుట, ఇంకుడు కుంటలు, బిందుసేద్యము, తక్కువ నీటి పంటలు మున్నగువానికి ముందు అప్పు ఇచ్చి, నీటి జాడ చూచి బావికి ఇచ్చునది నిజమైన సుస్థిరత పాటించు బ్యాంకు. ఏ పంట ఏ నేలకు తగునో చెప్పుటకు జగిత్యాల సమీపమున పొలాసలో వ్యవసాయ పరిశోధనా స్థానము ఉండనే యున్నది. అప్పు ఇచ్చువాడును తీసికొనువాడును ఆ సలహా వినుట ఉభయులకు క్షేమము.

జాగ్రత్త పడవలసిన విషయములు

పేదలకు అప్పు ఇచ్చినంత మాత్రమున ఏ సంస్థయు ధర్మసంస్థ కానేరదు. 2000 తరువాత సూక్ష్మఋణ సంస్థలు మన గ్రామములలో స్త్రీలకు హామీ లేకయే అప్పులిచ్చినవి. ఒక అప్పు తీర్చుటకు మరియొక అప్పు, వారవారము వసూలు, ఒకరు కట్టకున్న గుంపునంతను నిలువదీయుట అను పద్ధతులు పెరిగి, చివరకు ప్రాణనష్టముల వార్తలు వచ్చినవి. 2010 అక్టోబరులో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు చేసి ఆ వసూళ్లను అదుపు చేయవలసి వచ్చినది. అప్పు ఇచ్చుటలో చూపిన ఉత్సాహము, తీసికొనువాడు ఎట్లు తీర్చగలడను విచారణలో చూపకపోవుటయే ఆ కష్టమునకు మూలము. మరుసటి సంవత్సరము, 2011లో, మహిళా సమాఖ్యలే యజమానులుగా స్త్రీనిధి ఋణ సహకార సమాఖ్య ఏర్పడినది.

సహకార సంఘమను పేరు కూడ దోషములకు కవచము కారాదు. పాలకుల బంధువులకే అప్పులు, ఒకరి పేర వేరొకరు తీసికొను బినామీ ఋణములు, మహాసభ జరుపకయే జరిపినట్లు వ్రాయు పుస్తకములు సహకార సంఘములను కూల్చు చెదలు. సభ్యుడు ప్రశ్నింపని చోట ఈ చెదలు పట్టును.

మరియొక విషయము కౌలు రైతు. భూమి పట్టా పాసుపుస్తకము అతని పేర నుండదు గనుక తరచుగా బ్యాంకు తలుపు అతనికి తెరువబడదు. పొలము దున్నువాడు నూటికి మూడు రూపాయల వడ్డీకి, పొలము కౌలుకిచ్చినవాడు నూటికి నాలుగు రూపాయల వడ్డీకి అప్పు పొందుట – మొదటిది నెలకు, రెండవది ఏడాదికి – న్యాయమనిపించుకొనదు. నలుగురైదుగురు కౌలుదారులు కలిసి ఉమ్మడి బాధ్యతా సంఘముగా ఏర్పడి ఋణము పొందు మార్గము కలదు. దీనిని తెలుపు పని పంచాయతీ సభ్యులు చేయదగినది.

మన యొద్ద నున్న బలము

మన ప్రాంతము ఈ విషయమున రిక్తహస్తము కాదు. పూర్వపు కరీంనగరు జిల్లా అంతటికిని సేవ చేయు కరీంనగరు జిల్లా సహకార కేంద్ర బ్యాంకు, జిల్లా సహకార బ్యాంకులలో మేటిగా జాతీయ స్థాయి పురస్కారములు పొందినది. ఆ పురస్కారము బ్యాంకు గోడమీద వ్రేలాడుచున్నను, దానిని సంపాదించిపెట్టినది గ్రామములలోని ప్రాథమిక సంఘములలో గడువునకు అప్పు కట్టిన రైతులే.

సిరిసిల్లలో ఇంకొక వింత గలదు. 1969లో రిజిస్టరై, మరుసటి సంవత్సరమున పని చేపట్టిన సిరిసిల్ల సహకార విద్యుత్తు సరఫరా సంఘము, వినియోగదారులే సభ్యులై పాలకవర్గమును ఎన్నుకొను పద్ధతిలో ఏర్పడినది. దేశమున గ్రామీణ విద్యుద్దీకరణమునకై మొదట ఎంచుకొనిన అయిదు సహకార సంఘములలో అది యొకటి. కరెంటు తీగెలను తాము నడుపుకొనగలిగిన ప్రజలు, తమ పొదుపును తాము నడుపుకొనలేరా?

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు

సహకార సంఘముపై గాని బ్యాంకుపై గాని ఆజ్ఞ చేయు అధికారము పంచాయతీకి లేదు. కాని ఊరికి చెప్పదగినవారు, ఊరి తరపున అడుగదగినవారు పంచాయతీ సభ్యులే.

1. ప్రతి సభ్యుడును తాను ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములో చేరి, మహాసభకు తప్పక పోవలెను. జమాఖర్చుల నకలు ముందుగా అడిగి చదువవలెను.

2. గ్రామసభలో ఏడాదికి ఒకసారియైన వడ్డీ లెక్క అందరికి అర్థమగునట్లు నల్లబల్లపై వేసి చూపించవలెను. నెలవడ్డీకిని ఏటివడ్డీకిని గల భేదము తెలియని ఇల్లు ఊరిలో ఉండరాదు.

3. కౌలుదారుల, ఒంటరి స్త్రీల, నేత కార్మికుల పేర్లు వ్రాసికొని, బ్యాంకు ఋణము అందనివారెవ్వరో బ్యాంకు అధికారులకు తెలుపవలెను.

4. పసుపు, మొక్కజొన్న వంటి పంటలను గిడ్డంగిలో నిలువ ఉంచి, ఆ రశీదుపై ఋణము పొందు సౌకర్యమును రైతులకు వివరించవలెను. ధర పడిన దినమున అమ్మకుండ ఆగగల శక్తి రైతునకు దీనివలన కలుగును.

5. కొత్త గొట్టపుబావుల మాట వచ్చినపుడు, ఊరి నీటిమట్టమును, చెరువు స్థితిని కూడ చర్చకు పెట్టవలెను.

6. ఇల్లిల్లు తిరిగి అప్పులిచ్చుచు బెదిరించి వసూలు చేయువారు ఊరిలో ఉన్నచో, బాధితులు ఒంటరిగా ఉండకుండ వారికి తోడు నిలువవలెను.

ముగింపు

1956లో ములుకనూరు రైతులు ఆరేడు రూపాయలు వేసికొనిన దినమున వారికి ఏ బహుమతియు లేదు, ఏ పత్రికయు వారిని పొగడలేదు. తమ సొమ్ము తమ ఊరి పంటకు ఉపయోగపడవలెనని, తీసికొనినవాడు తిరిగి ఇవ్వవలెనని, లెక్క అందరి ఎదుట చెప్పవలెనని మాత్రము వారు నిశ్చయించుకొనిరి. పేరు తరువాత వచ్చినది. పేరుకొరకు ప్రాకులాడు బ్యాంకు నిలుచునో నిలువదో చెప్పలేము. ఈ మూడు నియమములు నిలిపిన బ్యాంకు మాత్రము నిలుచును. దానితో ఊరును నిలుచును.

చర్చకు ప్రశ్నలు

మీ ఊరి సహకార సంఘమున గడచిన మహాసభ ఎప్పుడు జరిగినది? అందు ఎందరు మాటాడిరి?

మీ ఊరిలో బ్యాంకు అప్పు అందనివారు ఎవ్వరు? ఏ కాగితము లేక అందలేదు?

మీ ఊరి ముఖ్యమైన పంటకు అప్పిచ్చువాడెవ్వడు, కొనువాడెవ్వడు? ఆ ఇద్దరిని ఒక సంఘముగా చేయుటకు మార్గమేమి?